పగడాల అక్వేరియానికి ఏ దీపం? పెట్టె మీది అంకెలు చెప్పేవి, చెప్పనివి

సంక్షిప్తంగా: ఇంట్లో పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియానికి దీపం కొనేటప్పుడు వాట్లు, ల్యూమెన్లు, కెల్విన్లు చెప్పేది తక్కువ. పగడం కూర్చున్న చోటికి దిగే కిరణజన్య కాంతి ఎంత, అందులో నీలం వాటా ఎంత అన్నవే అసలు ప్రశ్నలు. గోదావరి డెల్టాలో వీటికి మూడో ప్రశ్న కూడా తోడవుతుంది: ఆ దీపం నీటికి ఎంత వేడి ఎక్కిస్తుంది? తేమ నిండిన ఇక్కడి గాలిలో ఆ వేడిని ఫ్యానుతో వదిలించుకోవడం కష్టం. అందువల్ల వెలుగును తగ్గించుకునే వీలున్న, నీలం ఎక్కువగా ఉన్న ఎల్‌ఈడీ దీపమే ఇక్కడి ఎక్కువ ఇళ్లకు నప్పుతుంది.

భీమవరం, కాకినాడ, అమలాపురం వంటి పట్టణాల్లో హాల్లో రంగుచేపల ట్యాంకు ఉండటం కొత్త సంగతి కాదు. ఆ ట్యాంకుకు దీపం మనం చూసుకోవడానికే తప్ప చేపకు అక్కర్లేదు. ఏ ట్యూబ్‌లైటు తగిలించినా చేప బతుకుతుంది. అదే ట్యాంకులో పగడాలు పెట్టాలనుకున్న రోజున దీపం అలంకారం కాకుండా పోయి ఆహారం అవుతుంది. కొనుగోలుదారులను తికమకపెడుతున్నది ఈ మార్పే.

డెల్టాలో ఈ తికమకకు మరో ప్రత్యేకత ఉంది. పగడాల పెంపకంలో కష్టమని చెప్పే నీటి రసాయనం ఇక్కడివారికి పరిచయమైన విద్యే. రొయ్యల చెరువులున్న ఊళ్లలో ఉప్పుశాతం కొలిచే రిఫ్రాక్టోమీటరు ఏమిటో చెప్పనక్కర్లేదు. ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం పరీక్షించే ఆక్వా ల్యాబులు చాలా మండల కేంద్రాల్లో కనిపిస్తాయి. పగడాలకు కావలసిన ఉప్పుశాతం చెరువుల్లో మామూలుగా ఉండేదానికంటే ఎక్కువ, సుమారు 35 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో 35 పాళ్ల ఉప్పు), అన్న తేడా ఉన్నా కొలిచే పద్ధతి అదే. తెలియనిదల్లా వెలుతురే. పక్కనే సముద్రం ఉన్నా అది కూడా ఇందులో సాయపడదు. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు వల్ల, వరదల్లో కలిసే మంచినీటి వల్ల అంతర్వేది నుంచి కోరంగి దాకా తీరం వెంట పగడపు దిబ్బలు పెరగలేదు. మన దేశంలో అవి మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల వైపే ప్రధానంగా ఉన్నాయి.

పగడం ఒంట్లో శైవలం

పగడం జంతువు. దాని కణాల్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు (నాచు జాతి జీవులు) కాపురముంటాయి. అవి కిరణజన్య సంయోగక్రియతో తయారుచేసిన చక్కెరలు, కొవ్వులు పగడానికి అందుతాయి. నిస్సారమైన ఉష్ణమండల జలాల్లో బతికే చాలా పగడాలకు రోజువారీ శక్తిలో 90 శాతం దాకా ఈ దారినే సమకూరుతుందని అంచనా. చెరువు నీటిలోని వృక్ష ప్లాంక్టన్ కూడా శైవలమే గానీ, ఏరేటర్ తిరిగినప్పుడల్లా అది పైకీ కిందికీ కలుస్తూ ఉంటుంది కాబట్టి కాసేపు ఎండలో, కాసేపు నీడలో గడుపుతుంది. పగడంలోని శైవలానికి ఆ వీలు లేదు. పగడాన్ని రాతికి ఎక్కడ అంటించారో అక్కడ పడే వెలుతురుతోనే అది బతకాలి. ట్యాంకు మొత్తానికి ఎన్ని వాట్లు అన్న లెక్క పనికిరాకపోవడానికి మూలం ఇదే.

ఈ శైవలాల్లో క్లోరోఫిల్-ఏ, క్లోరోఫిల్-సి2తో పాటు పెరిడినిన్ అనే నారింజ రంగు వర్ణకం ఉంటుంది. ఈ మూడూ కలిసి సుమారు 400 నుంచి 550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం మధ్య ఉన్న ఊదా, నీలం, నీలాకుపచ్చ కాంతిని బాగా పట్టుకుంటాయి. సముద్రపు నీరు ఎరుపును మొదటి కొన్ని మీటర్లలోనే పీల్చేసుకుంటుంది. స్వచ్ఛమైన నీటిలో చాలా లోతుకు దిగేది నీలమే. పది మీటర్ల లోతున పెరిగిన పగడం నీలి వెలుగుకు అలవాటు పడినదై ఉండటం ఈ కారణంగానే. క్లోరోఫిల్-ఏ ఎర్రకాంతిని కూడా కొంత పట్టుకుంటుంది కాబట్టి ఎరుపు పూర్తిగా వ్యర్థమని అనలేం. అయితే ఆకుకూరల కోసం తయారుచేసిన, గులాబీ రంగు వెలుగునిచ్చే గ్రో లైటును పగడాల మీద వేలాడదీస్తే కాంతిలో పెద్ద వాటా పగడానికి అంతగా అక్కరకు రాని చోట ఖర్చవుతుంది.

నీలానికి రెండో ఆకర్షణ ఉంది, అది వ్యాపారానికి సంబంధించినది. చాలా పగడాల్లో నీలికాంతిని పీల్చుకుని ఆకుపచ్చగానో, నారింజగానో, ఎర్రగానో వెలిగే ప్రొటీన్లు ఉంటాయి. అమ్మకందారులు పంపే ఫోటోల్లో పగడం నిప్పుకణికలా మెరవడం ఈ ప్రొటీన్ల వల్లే. అదే ముక్కను తెల్లటి ట్యూబ్‌లైటు కింద పెడితే గోధుమరంగులో మామూలుగా కనిపిస్తుంది. పగడం మారలేదు, వెలుగు మారింది. కొనేముందు తెల్లటి వెలుగులో తీసిన ఫోటో కూడా అడగడం మంచిది.

పెట్టె మీది అంకెలు

వాట్లు దీపం మింగే కరెంటును చెబుతాయి, ఇచ్చే వెలుగును కాదు. లీటరుకు ఇన్ని వాట్లు అన్న పాత సూత్రం ఫ్లోరసెంట్ ట్యూబులన్నీ దాదాపు ఒకే సామర్థ్యంతో వెలిగిన కాలంలో పుట్టింది. ఎల్‌ఈడీల సామర్థ్యం ఒక తయారీకీ మరో తయారీకీ ఎంతో తేడాగా ఉండటంతో ఆ సూత్రానికి ఇప్పుడు ఆధారం పోయింది.

ల్యూమెన్, లక్స్ కొలతలు ఇంకా ఎక్కువ పక్కదారి పట్టిస్తాయి. ఇవి మనిషి కంటికి కనిపించే ప్రకాశాన్ని కొలుస్తాయి. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చలో, అన్నిటికంటే చురుగ్గా ఉంటుంది. 450 నానోమీటర్ల నీలం దానికి ఆ గరిష్ఠంలో నాలుగు శాతం కూడా కనిపించదు. కిరణజన్య కాంతిని కొలిచే పార్ కొలమానం అలా కాకుండా 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య చదరపు మీటరుపై సెకనుకు పడే కాంతికణాలను మైక్రోమోళ్లలో (కోట్లాది కోట్ల కణాలను ఒక్క లెక్కగా పట్టే ప్రమాణం) లెక్కిస్తుంది. ఎండలో ఒక మైక్రోమోల్‌కు సుమారు 54 లక్స్ వస్తే, 450 నానోమీటర్ల నీలంలో అదే ఒక మైక్రోమోల్‌కు 7 లక్స్ కూడా రాదు. ఫోనులోని లక్స్ యాప్‌తో నీలి ఎల్‌ఈడీని కొలిచి "వెలుగు చాలలేదు" అనుకుని పెంచేవారు పగడాన్ని మాడ్చేది ఇక్కడే: 700 లక్స్ అని చూపిన చోట నిజానికి 100 మైక్రోమోళ్లు పడుతూ ఉండవచ్చు, ఎండలో ఆ మేరకు 5,400 లక్స్ కావాలి.

కెల్విన్ అంకె వెలుగు రంగును సూచిస్తుంది. 6,500 అంటే పగటి తెలుపు, 10,000 అంటే చల్లటి తెలుపు, 14,000 నుంచి 20,000 అంటే స్పష్టమైన నీలి ఛాయ. ఒకే కెల్విన్ అంకె ఉన్న రెండు దీపాల వర్ణపటాలు ఒకేలా ఉండాలని లేదు. తెల్ల ఎల్‌ఈడీ అంటేనే నీలి చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూత కాబట్టి, బజారులో దొరికే 6,500 కెల్విన్ ఇంటి బల్బులోనూ 450 దగ్గర నీలపు శిఖరం ఉంటుంది. అందుకే చిన్న ట్యాంకులో మష్రూమ్ పగడం ఇంటి బల్బు కింద కూడా బతకగలదు. రంగులు వెలవెలబోతాయి, అంతే.

సాకెట్‌లో బిగించే రీఫ్ (పగడాల ట్యాంకు) బల్బుల మీద "పార్ 38" అని ఉంటుంది. అది బల్బు గాజు ఆకారాన్ని, వ్యాసాన్ని (అంగుళంలో ఎనిమిదో వంతులు 38, అంటే సుమారు 12 సెంటీమీటర్లు) చెప్పే అంకె మాత్రమే. పైన చెప్పిన పార్ కొలతతో దానికి సంబంధం లేదు.

మూడు రకాల దీపాలు

మెటల్ హాలైడ్ దీపాలు చాలాకాలం పగడాల పెంపకంలో ప్రమాణంగా నిలిచాయి. 150, 250, 400 వాట్లలో వచ్చే ఈ దీపం ఒక్క బిందువు నుంచి కుమ్మరించే వెలుగు నీటి అలల గుండా వంగి ఇసుక మీద కదిలే తళుకులు వేస్తుంది. లోతైన ట్యాంకుల అడుగుకు కూడా బలంగా చేరుతుంది. వెలుగు నాణ్యత విషయంలో దీన్ని తప్పుపట్టేవారు ఇప్పటికీ తక్కువ. దాని సమస్య వేడి, కరెంటు ఖర్చు.

టీ5 ట్యూబులు 16 మిల్లీమీటర్ల సన్నటి ఫ్లోరసెంట్ గొట్టాలు. నాలుగైదు ట్యూబులను పక్కపక్కన పెడితే వెలుగు ట్యాంకు అంతటా సమానంగా పరుచుకుంటుంది, పగడం కొమ్మల కింద నీడ పడదు. అయితే ఇంటి ఫిట్టింగుల్లో వచ్చిన నాలుగడుగుల 28 వాట్ల టీ5 వేరు, పగడాలకు వాడే అదే పొడవున్న 54 వాట్ల హై అవుట్‌పుట్ టీ5 వేరు. హోల్డరులో రెండూ పడతాయి గానీ చౌక్ మాత్రం వేరేది కావాలి. పైగా ఈ ట్యూబులు కాలిపోకముందే బలహీనపడతాయి. ఏడాది వాడిన ట్యూబు రెండు చివర్లా నల్లటి పొగచూరు కనిపిస్తుంది. కంటికి వెలుగు అలాగే ఉన్నట్టున్నా పార్ తగ్గి, రంగు కూడా కాస్త పక్కకు జరుగుతుంది. అందుకే 9 నుంచి 12 నెలలకోసారి మార్చమంటారు.

ట్యూబుల భవిష్యత్తు కూడా అనిశ్చితమే. పాదరసంపై అంతర్జాతీయ మినమాటా ఒప్పందంలోని సభ్య దేశాలు 2023లో జెనీవాలో సమావేశమై, సాధారణ వెలుతురుకు వాడే ఫ్లోరసెంట్ గొట్టాల తయారీ, ఎగుమతి, దిగుమతులను 2027 నాటికి దశలవారీగా ముగించాలని నిర్ణయించాయి. భారత్ ఆ ఒప్పందంలో భాగస్వామి. అక్వేరియం ట్యూబులు మార్కెట్లో చిన్న ముక్క. పెద్ద తయారీ ఆగిపోతుంటే వాటి లభ్యత కూడా సన్నగిల్లడం సహజం. ఇప్పుడు కొత్తగా టీ5 ఫిట్టింగు కొనేవారు ఆ తర్వాతి ట్యూబు ఎక్కడ దొరుకుతుందో కూడా ఆలోచించుకోవాలి.

ఎల్‌ఈడీకి దారి తీసింది నీలి చిప్పు. దాన్ని సాధ్యం చేసిన శాస్త్రవేత్తలు అకాసాకి, అమానో, నాకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. పగడానికి ఎక్కువగా కావలసింది సరిగ్గా ఈ చిప్పు సహజంగా ఇచ్చే 450 ప్రాంతపు నీలమే కావడం ఒక చక్కటి యాదృచ్ఛికం. మంచి రీఫ్ ఎల్‌ఈడీలో 445 నుంచి 455 మధ్య రాయల్ బ్లూ, 470 దగ్గర నీలం, 400 నుంచి 430 మధ్య ఊదా, కొద్దిగా తెలుపు కలిపి, ఒక్కొక్కదాన్నీ విడిగా పెంచి తగ్గించుకునే వీలుంటుంది. లోపాలు లేకపోలేదు. వెలుగు ఇరుకైన లెన్సుల గుండా రావడంతో దీపం సరిగ్గా కింద మాడిపోయేంతగా, అరడుగు పక్కన చాలీచాలకుండా పడుతుంది. కొమ్మల పగడాల అడుగుభాగం నీడలో తెల్లబోతుంది. మూడడుగుల ట్యాంకుకు ఒకే శక్తిమంతమైన దీపం కంటే సగం శక్తి ఉన్న రెండు దీపాలు నయం.

డెల్టా గాలిలో వేడి లెక్క

నీటిని ఫ్యానుతో చల్లబరచమని విదేశీ పుస్తకాలు, వీడియోలు చెప్పే సలహా ఇక్కడ ఎందుకు పారదో ఈ లెక్కలో తెలుస్తుంది.

దీపం మింగిన కరెంటు చివరికి దాదాపు అంతా వేడిగానే మారుతుంది. 250 వాట్ల మెటల్ హాలైడ్ గంటసేపు వెలిగి, ఆ వేడిలో మూడో వంతు నీటికి చేరిందనుకుంటే, 200 లీటర్ల ట్యాంకు గంటకు దాదాపు 0.4 డిగ్రీ వేడెక్కుతుంది. బయటికి పోయే దారి లేకపోతే ఎనిమిది గంటల్లో మూడు డిగ్రీలు. ఎల్‌ఈడీ వేడి ఎక్కువగా దాని వెనకున్న అల్యూమినియం హీట్‌సింక్ ద్వారా పైకి పోతుంది, నీటి మీదికి పరారుణ కిరణాలు చాలా తక్కువగా వస్తాయి.

బయటికి పోయే దారి అంటే ముఖ్యంగా ఆవిరి. నీటి మీద చిన్న ఫ్యాను పెడితే నీరు ఆవిరై ట్యాంకు చల్లబడుతుంది. అయితే ఫ్యాను నీటిని చల్లార్చగలిగేది గాలి తడిబల్బు ఉష్ణోగ్రత (థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి కొలిచే వేడి) దాకానే. గాలిలో తేమ పెరిగేకొద్దీ ఆ హద్దు పైకి జరుగుతుంది. రాజమహేంద్రవరంలో వడగాడ్పుల రోజున 43 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉందనుకుంటే తడిబల్బు 26.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే రోజు రాజోలులోనో, నరసాపురంలోనో 35 డిగ్రీలే ఉండి తేమ 65 శాతం ఉంటే తడిబల్బు 29 దాటుతుంది. వినడానికి వింతగా ఉన్నా, ఎండ మండే రాజమహేంద్రవరంలో ఫ్యాను చేయగలిగిన పని ఉక్కపోసే లంక గ్రామాల్లో చేయలేదు. పగడాల ట్యాంకును మామూలుగా 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచమంటారు. కాబట్టి తీరానికి దగ్గరయ్యేకొద్దీ దీపం వేడికి తావు తగ్గుతుంది; నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమో, గదికి ఏసీయో లేకుండా మెటల్ హాలైడ్ పెట్టడం ఇక్కడ అర్థంలేని పని.

వేడికీ వెలుగుకూ మరో ముడి ఉంది. నీరు వేడెక్కినప్పుడు శైవలంలోని కిరణజన్య యంత్రాంగం గాడి తప్పి, అందిన కాంతిని వాడుకోలేక హానికరమైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. పగడం ఆ శైవలాన్ని బయటికి నెట్టేసి తెల్లబారుతుంది. 2024లో లక్షద్వీప్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారింది సముద్రపు వేడి వల్లనే. ఇంటి ట్యాంకుకూ ఇదే సూత్రం: 26 డిగ్రీల్లో హాయిగా భరించిన వెలుగు 30 డిగ్రీల్లో హాని చేయవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో నీటి వేడిని అదుపు చేయలేనివారు దీపాన్ని నాలుగో వంతు తగ్గించుకోవడం, ఎక్కువ వెలుగును తెల్లవారుజామునో రాత్రిపూటో వచ్చేలా వేళలు జరపడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. తగ్గించే వీలులేని దీపానికి ఈ దారి మూసుకుపోతుంది.

కరెంటు ఖర్చు ఇందుకు అనుబంధమే. 250 వాట్ల దీపం రోజుకు ఎనిమిది గంటలు వెలిగితే నెలకు 60 యూనిట్లు, 100 వాట్ల ఎల్‌ఈడీకి 24 యూనిట్లు. చిల్లర్ వాడితే తేడా ఇంకా పెరుగుతుంది.

కరెంటు కోతలు, టైమర్లు

వేడెక్కి ఉన్న మెటల్ హాలైడ్ దీపం కరెంటు పోయి వెంటనే వచ్చినా వెలగదు; లోపలి వాయువు చల్లబడి మళ్లీ అంటుకోవడానికి పది, పదిహేను నిమిషాలు కావాలి. ఎల్‌ఈడీకి ఆ బాధ లేదు. కోతల్లో అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది చవక మెకానికల్ టైమర్. కరెంటు లేనంతసేపూ దాని గడియారమూ ఆగిపోతుంది. రోజుకు గంట కోత ఉంటే వారం తిరిగేసరికి దీపం ఏడు గంటలు ఆలస్యంగా వెలుగుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ ఈ సమస్యను తీరుస్తుంది.

తుపాను తర్వాత రెండు మూడు రోజులు కరెంటు రాకపోయినా చీకటి ఒక్కటే పగడాలను చంపదు. నీటి కదలిక ఆగి ఆక్సిజన్ పడిపోతే మాత్రం గంటల్లోనే ప్రమాదం. ఇన్వర్టర్‌ను పంపుకు, ఎయిర్ పంపుకు ఉంచి దీపాన్ని దానికి కలపకపోవడమే సరైన పని.

ఏ పగడానికి ఎంత

మష్రూమ్, జోయాంథస్, లెదర్ వంటి మెత్తటి పగడాలకు 50 నుంచి 150 మైక్రోమోళ్లు చాలు. టార్చ్, హ్యామర్ వంటి పెద్ద నోళ్ల గట్టి పగడాలను 75 నుంచి 200 మధ్య పెంచుతారు. ఆక్రోపోరా, మోంటిపోరా వంటి చిన్న నోళ్ల గట్టి పగడాలకు 200 నుంచి 350, ఒక్కోసారి అంతకు మించి. పోలికకు, మిట్టమధ్యాహ్నపు ఎండ 2,000 దరిదాపుల్లో ఉంటుంది. కిటికీ ఎండతోనే పెంచవచ్చు కదా అన్న ఆలోచనకు ఆ అంకెలో అభ్యంతరం లేదు, దానితో వచ్చే వేడితోనూ గాజు మీద పెరిగే నాచుతోనూ ఉంది.

ఈ అంకెలు నీటి పైన కొలిచినవి కాదు, పగడం దగ్గర కొలిచినవి. నీటికి 25 సెంటీమీటర్ల ఎత్తున వేలాడే బిందువులాంటి దీపం వెలుగు, 45 సెంటీమీటర్ల లోతున్న ట్యాంకు అడుగుకు చేరేసరికి దూరం లెక్క ప్రకారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గాజు గోడల ప్రతిఫలనం, లెన్సులు కొంత కాపాడటం వల్ల నిజంగా తగ్గేది అంత ఉండదు గానీ, పై రాతికీ ఇసుకకూ మధ్య రెండు మూడు రెట్ల తేడా మామూలే. దాన్ని లోపంగా చూడనక్కర్లేదు: ఎక్కువ కోరేవాటిని పైన, తక్కువ కోరేవాటిని కింద పెడితే ఒకే దీపం అన్నిటికీ సరిపోతుంది. పార్ మీటరు ఖరీదైనది, ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి అవసరం పడదు; నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవడం మేలు.

దీపం కంటే ముందే తేల్చుకోవలసిన సంగతి, పెట్టబోయే పగడం ఎక్కడిది అన్నది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద దిబ్బలు కట్టే గట్టి పగడాలు, సీ ఫ్యాన్లు (విసనకర్ర ఆకారపు పగడ జాతులు), నల్ల పగడాలు 2001 నుంచి ఒకటో షెడ్యూలు రక్షణలో ఉన్నాయి. మన సముద్రాల నుంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. గట్టి పగడాలు వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలోనూ ఉన్నందున విదేశాల నుంచి తెచ్చేవాటికి అనుమతి పత్రాలు ఉండాలి. "తమిళనాడు తీరంలోని మండపం నుంచి వచ్చిన ముక్క" అని చెప్పి అమ్మేదాన్ని ఏ దీపం కిందా పెట్టకూడదు.

బిగించిన తర్వాత

కొత్త ఎల్‌ఈడీని మొదటి రోజే పూర్తి శక్తితో వెలిగిస్తే పగడాలు తెల్లబారవచ్చు. మూడో వంతుతో మొదలుపెట్టి నాలుగు నుంచి ఆరు వారాల్లో కావలసిన చోటికి తేవాలి. రోజుకు 8 నుంచి 10 గంటల వెలుగు చాలు. ఆ వారాల్లో మీటరు లేకపోయినా పగడాన్ని చూసి కొంత చెప్పవచ్చు. జోయాంథస్ కాడలు పొడుగ్గా సాగి పువ్వు పైకి చాచుకుంటుంటే వెలుగు చాలడం లేదు. రంగుల ఆక్రోపోరా వారాల తరబడి గోధుమరంగులోకి మారుతుంటే, తక్కువ కాంతిని పట్టడానికి అది శైవలాన్ని పెంచుకుంటూ ఉండవచ్చు, లేదా నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ పెరిగి ఉండవచ్చు. రెండోదాన్ని పరీక్షించకుండా దీపం పెంచకూడదు. దీపానికి ఎదురుగా ఉన్న వైపే పాలిపోతూ, మష్రూమ్ అంచులు లోపలికి ముడుచుకుంటుంటే వెలుగు ఎక్కువైంది.

చివరగా లెన్సు. బుడగలు పగిలినప్పుడల్లా చిమ్మే ఉప్పునీరు దీపం అడుగున ఎండి, సున్నపు పొరలా తెల్లగా పేరుకుంటుంది. దాని వెనక నీలం మసకబారుతుంది. తీరపు గాలిలో స్క్రూల దగ్గర తుప్పు, ఫ్యాను రెక్కల మీద జిగట కూడా చేరతాయి. నీరు చొరబడని కవరు, లోహపు స్క్రూలు బయటికి తేలని నిర్మాణం ఉన్న దీపాన్ని ఎంచుకుని, ప్లగ్ తీసి, వారానికోసారి ఆర్‌ఓ నీటిలో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. నెలల తరబడి పట్టించుకోని పొరను ఒక్కసారిగా తుడిచేస్తే వెలుగు ఒక్క రోజులో పెరిగి కొత్త దీపం పెట్టినంత పని అవుతుంది కాబట్టి, ఆ రోజు దీపాన్ని కొంత తగ్గించి మళ్లీ మెల్లగా పెంచాలి.